బందిపోటు సోదరులు : జెస్సీ జేమ్స్ జీవితము

1939వ సంవత్సరమున అమెరికాలో జెస్సీ జేమ్స్ అను వర్ణచిత్రము విడుదలయ్యెను. దర్శకుడు హెన్రీ కింగ్. జెస్సీ పాత్రను టైరోన్ పవర్, అతని అన్న ఫ్రాంక్ పాత్రను హెన్రీ ఫోండా ధరించిరి. ఆ కథలో రైలు కంపెనీ మనుష్యులు పేద రైతులను బెదిరించి వారి భూములను కారుచౌకగా కాజేయుచుందురు. జేమ్స్ సోదరులు వారిని ఎదిరింతురు. కంపెనీ ఏజెంటు వారి యింటిలోనికి బాంబు విసరగా తల్లి మరణించును. అంతట అన్నదమ్ములు తుపాకులు చేపట్టి, గుఱ్ఱములెక్కి, రైళ్లను దోచుచు, ఊరినుండి ఊరికి పారిపోవుచుందురు. తుదకు తమ్ముడు తాను నమ్మినవాని చేతిలో హతుడగును. చూచువారికి రైలు కంపెనీపై ఆగ్రహము, దొంగలపై జాలి కలుగును. కౌబాయి చిత్రములలో అది నేటికిని పేరుపొందియున్నది.

నిజమునకు జేమ్స్ సోదరుల తల్లి జెస్సీ మరణించిన పిమ్మట 29 సంవత్సరములు జీవించెను. ఆమె యింటిలో బాంబు పేలిన మాట వాస్తవమే. కాని అది పేలిన 1875వ సంవత్సరమునాటికే ఆమె కుమారులు పేరుమోసిన బందిపోట్లు. వారిని పట్టుకొనుటకై వచ్చినవారే దానిని విసరిరి. చిత్రమున ముందువెనుకలు తారుమారైనవి. దోపిడికి బాంబు కారణమైనది, హంతకులు బాధితులైరి. అయితే ఈ తారుమారు చేసినవారిలో సినిమావారు మొదటివారు కారు. జెస్సీ బ్రతికియుండగనే ఆ పని మొదలైనది. అది ఎట్లు జరిగినదో తెలియవలెనన్నచో అతని జీవితమును మొదటినుండి చూడవలెను.

మతబోధకుని కుమారుడు

జెస్సీ వుడ్సన్ జేమ్స్ 1847 సెప్టెంబరు 5వ తేదీన మిస్సోరీ రాష్ట్రమందలి క్లే జిల్లాలో, నేటి కియర్నీ పట్టణ సమీపమున జన్మించెను. అన్న ఫ్రాంక్ అతనికంటె నాలుగేండ్లు పెద్ద. తండ్రి రాబర్ట్ జేమ్స్ కెంటకీ రాష్ట్రమునుండి వలసవచ్చిన రైతు, బాప్టిస్టు మతబోధకుడు, విద్యాభిమాని. సమీపమున లిబర్టీ పట్టణములో 1849లో వెలసిన విలియం జ్యుయెల్ కళాశాల స్థాపకులలో అతడొకడు. మరుసటి యేడు అతడు బంగారు గనులకై జనము పరుగులెత్తుచున్న కాలిఫోర్నియాకు పోయి, అచటనే జబ్బుపడి మరణించెను. అప్పటికి జెస్సీకి మూడేండ్లు.

తల్లి జెరెల్డా ధైర్యశాలిని. మాటలో కరకుదనము గలది. ఆమె మరల రెండుమారులు వివాహమాడెను. మూడవ భర్త రూబెన్ శామ్యూల్ సౌమ్యుడైన వైద్యుడు. ఆ ప్రాంతమున స్థిరపడినవారిలో పెక్కురు దక్షిణ రాష్ట్రములనుండి వచ్చినవారు; నారపంటను, పొగాకును బానిసలచేత పండించువారు. జేమ్స్ కుటుంబమునకును బానిసలుండిరి. సరిహద్దుకు ఆవల కాన్సస్ కలదు. అచట బానిసత్వముండవలెనా, కూడదా అను వివాదముతో 1854 మొదలు ఇరుపక్షములవారు ఒకరినొకరు చంపుకొనుచుండిరి. జెస్సీ బాల్యము ఆ తుపాకుల చప్పుడు వినుచు గడచినది.

యుద్ధము నేర్పిన విద్య

1861లో అమెరికా అంతర్యుద్ధము ప్రారంభమయ్యెను. మిస్సోరీ రాష్ట్రము ఉత్తరపు కేంద్ర ప్రభుత్వమును వీడలేదు. కాని ప్రజలు రెండుగా చీలిపోయిరి. అచట జరిగినది సేనల పోరుకంటె ఇరుగుపొరుగుల పోరు. ఫ్రాంక్ మొదట దక్షిణ పక్షపు సైన్యములో చేరి, పిదప క్వాంట్రిల్ అనువాని గెరిల్లా దళములో కలిసెను. 1863 ఆగస్టు 21న ఆ దళము కాన్సస్‌లోని లారెన్స్ పట్టణముపై విరుచుకుపడి, 150 మందికి పైగా పురుషులను, బాలురను చంపి, పట్టణమును తగులబెట్టెను.

అదే సంవత్సరము ప్రభుత్వ పక్షపు సైనికులు ఫ్రాంక్ జాడకై జేమ్స్ వారి పొలమునకు వచ్చిరి. జాడ చెప్పుమని శామ్యూల్ వైద్యుని మెడకు ఉరివైచి చెట్టుకు వ్రేలాడదీసిరి. ప్రాణము దక్కినను అతడు పూర్తిగా కోలుకొనలేదు. పదునైదేండ్ల జెస్సీని కూడ కొట్టిరని కుటుంబమువారు చెప్పుకొనుచుండిరి. మరుసటి యేడు జెస్సీ అన్న దారిని పట్టెను. అప్పటికి వానికి పదునారేండ్లు.

అతడు చేరినది బిల్ ఆండర్సన్ నాయకత్వమునగల దళములో. క్రౌర్యమునకు ఆ దళము పెట్టినది పేరు. చంపినవారి తలచర్మమును ఒలిచి గుఱ్ఱపు కళ్లెములకు కట్టుకొనెడివారు అందుండిరి. 1864 సెప్టెంబరు 27న ఆ దళము సెంట్రేలియా అను ఊరిలో రైలును ఆపి, సెలవుపై ఇండ్లకు పోవుచున్న ఇరువదిమందికి పైగా నిరాయుధ సైనికులను దింపి కాల్చి చంపెను. ఆ సాయంకాలమే వెంటాడవచ్చిన సైనికులలో నూరుమందికి పైగా చంపెను. పాఠశాలలో ఉండవలసిన వయస్సున జెస్సీ నేర్చిన విద్య యిది.

1865లో యుద్ధము ముగియుచుండగా జెస్సీకి ఱొమ్మున తుపాకిగుండు తగిలినది. అతనికి పరిచర్య చేసిన బంధువులలో జెరెల్డా మిమ్స్ అను కన్య యొకతె యుండెను. అతని తల్లి పేరే ఆమెకు పెట్టిరి. అందరు ఆమెను జీ అని పిలిచెడివారు. తొమ్మిదేండ్ల నిరీక్షణానంతరము 1874 ఏప్రిలులో ఆమె జెస్సీని వివాహమాడెను.

కళాశాల వీధిలో హత్య

ఓడినవారికి యుద్ధానంతర కాలము కఠినముగా నుండెను. 1865లో మిస్సోరీలో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము దక్షిణ పక్షము వహించినవారికి వోటుహక్కు లేకుండ చేసెను. వారు ఉపాధ్యాయులుగా గాని మతబోధకులుగా గాని పనిచేయుటకు వీలులేకపోయెను. ఆ బాధ నిజమైనది. కాని దానిని అనుభవించిన వేలకొలది యువకులు తిరిగి నాగలి పట్టిరి. కొలదిమంది మాత్రము తుపాకి దింపలేదు.

1866 ఫిబ్రవరి 13న పూర్వపు గెరిల్లాల ముఠా యొకటి లిబర్టీ పట్టణపు బ్యాంకుపై పడి సుమారు 60,000 డాలర్ల ధనమును, బాండ్లను దోచుకొనిపోయెను. శాంతికాలమున పట్టపగలు సాయుధులు బ్యాంకును దోచుట అమెరికాలో అదియే మొదటిదని చెప్పుదురు. పారిపోవుచు వారు జరిపిన కాల్పులలో జార్జి వైమోర్ అను విద్యార్థి వీధిలో కూలిపోయెను. ఆతడు చదువుచున్నది విలియం జ్యుయెల్ కళాశాలలో. జెస్సీ తండ్రి చేయూతతో లేచిన కళాశాల అది. ఆనాడు ఆ ముఠాలో జెస్సీ ఉండెనా లేదా అన్నది నిర్ధారణ కాలేదు. కాని ఆ ముఠావారే అతని సహచరులు; ఆ మార్గమే అతని మార్గమైనది.

1869 డిసెంబరు 7న గాలటిన్ అను ఊరి బ్యాంకులో జాన్ షీట్స్ అను అధికారి హతుడయ్యెను. తన నాయకుడగు ఆండర్సన్‌ను యుద్ధకాలమున చంపిన సైన్యాధికారి ఇతడే యని పొరబడి జెస్సీ అతనిని కాల్చెను. దోచిన ధనము స్వల్పము. పారిపోవునప్పుడు వెనుకబడిన గుఱ్ఱము జేమ్స్ వారిదని తేలుటతో జెస్సీ పేరు మొదటిసారి పత్రికల కెక్కినది.

పత్రికలో పుట్టిన వీరుడు

అప్పుడు రంగమున ప్రవేశించిన వ్యక్తి జాన్ న్యూమన్ ఎడ్వర్డ్స్. దక్షిణ పక్షపు అశ్వదళములో పనిచేసి, కాన్సస్ సిటీ టైమ్స్ పత్రికకు సంపాదకుడైనవాడు. ఓడినవారి అభిమానమునకు ఒక వీరుడు కావలెనని అతనికి తెలియును. 1870లో జెస్సీ పేర వచ్చిన లేఖలను అతని పత్రిక ప్రకటించెను. తాను నిర్దోషినని, న్యాయముగా విచారింతురను నమ్మకమున్నచో లొంగిపోవుదునని, యుద్ధకాలపు పగతోనే తనను వేటాడుచున్నారని ఆ లేఖల సారాంశము.

1872 సెప్టెంబరులో కాన్సస్ సిటీ ప్రదర్శనశాలకు వేలకొలది జనము వచ్చియుండగా ముగ్గురు రౌతులు టిక్కెట్ల ధనమును దోచిరి. పెనుగులాటలో పేలిన గుండు ఒక చిన్నబాలిక కాలికి తగిలినది. ఎడ్వర్డ్స్ ఆ దొంగలను పూర్వకాలపు ఆర్థర్ రాజు కొలువునందలి శూరులతో పోల్చి వ్రాసెను. కొన్నాళ్లకు దొంగల పేరనే ఒక లేఖ వచ్చినది. తాము ధనవంతులను దోచి పేదలకు పెట్టుచున్నామని అందు చెప్పుకొనిరి. జెస్సీ జేమ్స్ పేదలను పోషించెనను కథకు మూలములలో ఆ లేఖ యొకటి. దోచిన సొమ్మును అతడు పేదలకు పంచినట్లు చరిత్రకారులకు ఆధారము దొరకలేదు. ఆ సొమ్ము ముఠావారి గుఱ్ఱములకు, జూదమునకు, సంసారములకు చెల్లిపోయెను.

జెస్సీ పత్రికల బలమును బాగుగ గ్రహించినవాడు. 1873 జూలైలో అయోవా రాష్ట్రములోని అడైర్ వద్ద ముఠావారు పట్టాలను తప్పించి రైలును దోచిరి. ఇంజను బోల్తాపడి డ్రైవరు మరణించెను. 1874 జనవరిలో మిస్సోరీలోని గాడ్స్ హిల్ వద్ద రైలును దోచినప్పుడు, ఆ సంఘటననుగూర్చి పత్రికలలో ప్రకటించుటకు అనువుగా ముందే వ్రాసియుంచిన వార్తను రైలువారి చేతికిచ్చి పోయిరి.

రాత్రివేళ పేలుడు

రైళ్లలో ధనమును పంపు కంపెనీలు పింకర్టన్ అను ప్రైవేటు డిటెక్టివు సంస్థను ఆశ్రయించెను. 1874 మార్చిలో జేమ్స్ వారి పొలమున పనివానిగా చేరవచ్చిన ఆ సంస్థ మనిషి శవమై తేలెను. సంస్థాధిపతికి అది సొంత పగగా మారినది. 1875 జనవరి 25 రాత్రి ఆ సంస్థ మనుష్యులు జేమ్స్ వారి యింటిని చుట్టుముట్టి, కిటికీగుండ మండుచున్న లోహపు గుండును లోపలికి విసరిరి. అది పొయ్యిలోనికి నెట్టబడి పేలినది. శామ్యూల్ వైద్యుని కుమారుడు, ఎనిమిదేండ్ల ఆర్చీ మరణించెను. తల్లి కుడిచేయి నుజ్జుకాగా మోచేతి క్రింద తీసివేయవలసి వచ్చెను. జెస్సీగాని ఫ్రాంక్‌గాని పట్టుబడలేదు.

ఆ పసివాని మరణము రాష్ట్రమునంతను కదలించెను. అంతవరకు దొంగలను నిందించినవారు సైతము తల్లిని తలచి కంటతడి పెట్టిరి. బందిపోట్లకు క్షమాభిక్ష ప్రసాదింపవలెనను ప్రతిపాదన శాసనసభకు వచ్చి కొద్దిలో వీగిపోయెను. న్యాయము పేర జరిగిన ఆ అన్యాయము దొంగలకు చేసిన మేలు ఎడ్వర్డ్స్ కలము కూడ చేయలేదు. అరువదియేండ్ల తరువాత సినిమావారు ఈ సంఘటననే తీసికొని, కథకు మొదట నిలిపి, తల్లిని కూడ చంపివేసిరి.

నార్త్‌ఫీల్డ్

1876 సెప్టెంబరు 7వ తేదీ మధ్యాహ్నము ఎనిమిదిమంది రౌతులు ఉత్తరాన మిన్నెసోటా రాష్ట్రములోని నార్త్‌ఫీల్డ్ అను చిన్న పట్టణములో ప్రవేశించిరి. వారిలో జేమ్స్ సోదరులిద్దరు, యంగర్ సోదరులు ముగ్గురు – కోల్, జిమ్, బాబ్ – ఉండిరి. ముగ్గురు బ్యాంకులోనికి చొరబడిరి. తక్కినవారు వీధిలో కాపలా నిలిచిరి.

ఆనాడు కేషియరు ఊరిలో లేడు. అతని స్థానమున కూర్చున్నవాడు జోసెఫ్ లీ హేవుడ్. యుద్ధమున ఉత్తర పక్షమున సైనికుడు. శాంతికాలమున లెక్కలు వ్రాసికొను గుమాస్తా. అదే ఊరిలోని కార్ల్‌టన్ కళాశాలకు కోశాధికారి. ఇనుపపెట్టె తెరువుమని దొంగలు తుపాకి గురిపెట్టిరి, కొట్టిరి, కంఠమున కత్తి ఆనించిరి. అది తెరచుటకు వీలుకాదని అతడు పలికెనేగాని తెరువలేదు.

ఈలోపల వీధిలో కేక పుట్టినది. మిస్సోరీలో వలె ఇచట దొంగలకు బంధువులు లేరు. యుద్ధపు జాలికథలు తెలిసినవారును లేరు. ఇనుపసామాను దుకాణదారు మానింగ్ తుపాకి తీసికొని వీధి మూలకు వచ్చెను. సెలవులకు ఇంటికి వచ్చియున్న వైద్యవిద్యార్థి హెన్రీ వీలర్ ఎదుటి హోటలు మేడకెక్కి, కిటికీనుండి పాత సైనికపు తుపాకితో గురిచూచెను. ఆయుధము లేనివారు రాళ్లు విసరిరి. కొన్ని నిమిషములలో ఇద్దరు దొంగలు వీధిలో చచ్చిపడిరి. తక్కినవారిలో పెక్కురు గాయపడిరి. బ్యాంకునుండి పరుగెత్తుచు ఒకడు వెనుదిరిగి హేవుడ్‌ను తలపై కాల్చి చంపెను. నికొలస్ గుస్తాఫ్‌సన్ అను స్వీడన్ దేశపు వలసదారుడు గుండు తగిలి కొన్నాళ్లకు మరణించెను. ఇంతకు దొంగలకు దక్కినది 26 డాలర్ల 70 సెంట్లు.

రెండువారములు వానలో, బురదలో, అడవులలో వేట సాగెను. సెప్టెంబరు 21న యంగర్ సోదరులు మువ్వురు గాయములతో పట్టుబడిరి. వారితోనున్న ఇంకొకడు చనిపోయెను. యంగర్‌లకు యావజ్జీవ కారాగారశిక్ష పడినది. వారినుండి ముందే విడిపోయిన జెస్సీ, ఫ్రాంక్‌లు మాత్రము పడమరగా పారిపోయి తప్పించుకొనిరి.

మారుపేరుల సంసారము

తరువాతి యేండ్లు అన్నదమ్ములు టెనెస్సీ రాష్ట్రములోని నాష్‌విల్ ప్రాంతమున భార్యాబిడ్డలతో మారుపేరులతో తలదాచుకొనిరి. ఫ్రాంక్ వుడ్సన్ అను పేర రైతుగా కుదుటపడెను. జెస్సీ హోవర్డ్ అయ్యెను. కాని అతనికి నెమ్మది లేదు. గుఱ్ఱపుపందెములలో డబ్బు పోగొట్టుకొనెను. కవలబిడ్డలు పుట్టి చనిపోయిరి. మిగిలిన కుమారునకు తన అసలుపేరు తెలియదు. తండ్రి మరణించిన తరువాతగాని తాను జేమ్స్ వంశీయుడనని ఆ బాలుడెరుగడు.

1879లో జెస్సీ క్రొత్త ముఠాను కూర్చెను. ఈసారి వచ్చినవారు యుద్ధపు సహచరులు కారు. సొమ్మునకై చేరిన కుఱ్ఱవాండ్రు. 1881 జూలైలో విన్‌స్టన్ వద్ద జరిగిన రైలు దోపిడిలో కండక్టరును, ఒక ప్రయాణికుని చంపిరి. రైలు కంపెనీలు ధనము సమకూర్చగా గవర్నరు క్రిటెండెన్ జేమ్స్ సోదరులను పట్టియిచ్చినవారికి తలకు 5,000 డాలర్లు, శిక్షపడినచో మరి 5,000 డాలర్లు బహుమానము ప్రకటించెను. ఆ యేడు సెప్టెంబరు 7న, నార్త్‌ఫీల్డ్ పరాజయము జరిగి సరిగా అయిదేండ్లు నిండిననాడు, ఆ ముఠా చివరి రైలును దోచెను.

చివరకు జెస్సీ మిస్సోరీలోని సెయింట్ జోసెఫ్ పట్టణములో చిన్న యిల్లు అద్దెకు తీసికొనెను. వెంట నమ్మినవారు ఇద్దరే: చార్లీ ఫోర్డ్, అతని తమ్ముడు రాబర్ట్. ఇరువదియేండ్ల రాబర్ట్ అప్పటికే గవర్నరును రహస్యముగా కలిసికొనియుండెను. 1882 ఏప్రిలు 3వ తేదీ ఉదయము ఉక్కగా నుండెను. కిటికీలు తెరచిన జెస్సీ, తుపాకులు బయటివారి కంటబడునేమోయని నడుమునుండి వానిని విప్పి పడకపై పెట్టెను. గోడనున్న పటముపై దుమ్ము దులుపుటకు కుర్చీ యెక్కెను. రాబర్ట్ వెనుకనుండి తలపై కాల్చెను. భార్య వంటయింటినుండి పరుగెత్తివచ్చుసరికి అంతయు ముగిసినది. జెస్సీకి అప్పుడు 34 సంవత్సరములు.

మిగిలినవారు

ఫోర్డ్ సోదరులు హత్యానేరమును అంగీకరించిరి. న్యాయస్థానము వారికి ఉరిశిక్ష విధించెను. గవర్నరు ఆనాడే క్షమించి విడిచెను. బహుమానములో కొంతభాగమే వారికి ముట్టినది. రాబర్ట్ నాటకశాలలలో తాను చేసిన హత్యను తానే అభినయించి చూపి జీవించెను. ప్రేక్షకులు పిరికివాడని ఛీకొట్టిరి. చార్లీ 1884లో ఆత్మహత్య చేసికొనెను. 1892లో కొలరాడోలోని క్రీడ్ అను ఊరిలో రాబర్ట్‌ను ఒకడు తుపాకితో కాల్చిచంపెను.

ఫ్రాంక్ 1882 అక్టోబరులో స్వయముగా గవర్నరు నెదుటికి వచ్చి తన పిస్తోలును అప్పగించెను. మరుసటి యేడు గాలటిన్‌లో అతని విచారణ జరిగెను. జనము క్రిక్కిరియుటచేత న్యాయస్థానమును ఊరి నాటకశాలలో కూర్చవలసివచ్చినది. జ్యూరీ అతనిని నిర్దోషిగా తేల్చెను. తరువాత ఫ్రాంక్ చెప్పుల దుకాణములో అమ్మకపువాడుగా, నాటకశాల ద్వారపాలకుడుగా పనిచేసి, 1915లో తమ కుటుంబపు పొలమునందే కన్నుమూసెను. తల్లి కుమారుని సమాధిని ఇంటిముంగిటనే కట్టించి, చూడవచ్చినవారికి దానిపైనున్న గులకరాళ్లను అమ్మెడిది. రాళ్లు తరిగినప్పుడు వాగునుండి మరల తెప్పించెడిది. ఆమె 1911లో మరణించెను.

జెస్సీ మరణించిన కొలదికాలమునకే అతనిపై పాట పుట్టినది. పేదలకు మిత్రుడు, ద్రోహి చేతిలో హతుడు – ఇదే ఆ పాటలోని జెస్సీ. అగ్గువ నవలలు వేలకొలది అమ్ముడుపోయెను. 1921లో అతని కుమారుడే తెరపై తండ్రి వేషము వేసెను. 1939 నాటి చిత్రము ఆ పాటకు రంగులద్దినది. దాని చిత్రీకరణలో ఒక గుఱ్ఱమును ఎత్తైన చరియపైనుండి నీటిలోనికి దూకించగా అది చనిపోయెను. ఆ సంఘటనపై చెలరేగిన నిరసన ఫలితముగా హాలీవుడ్ చిత్రములలో జంతువుల క్షేమమును పర్యవేక్షించు ఏర్పాటు వచ్చినది. 1940లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన చిత్రమున ఫ్రాంక్ తమ్ముని హంతకులను వేటాడును; నిజజీవితమున అతడట్టి పని చేయలేదు. 1980లో వాల్టర్ హిల్ తీసిన లాంగ్ రైడర్స్ చిత్రమున జేమ్స్, యంగర్, మిల్లర్, ఫోర్డ్ సోదరుల పాత్రలను నాలుగు కుటుంబముల నిజమైన అన్నదమ్ములు ధరించిరి. జెస్సీ చావలేదని, తామే జెస్సీలమని చెప్పుకొనినవారు 1940వ దశకము వరకు పుట్టుచునే యుండిరి. 1995లో సమాధిని త్రవ్వి డీఎన్‌ఏ పరీక్ష జరుపగా, అందున్నది జెస్సీ అవశేషములేయని తేలినది.

ఇన్ని పాటలలో, ఇన్ని చిత్రములలో కళాశాలకు పోవలసిన జార్జి వైమోర్‌ను తలచినవారు అరుదు. ఓడిన ప్రజల బాధ నిజము. ఆర్చీ మరణము ఘోరము. ఫోర్డ్ చేసినది ద్రోహము. ఈ మూడు నిజములును కలిసి, వానికంటె ముందు జరిగిన హత్యలను జనుల కంటికి కానరాకుండ కప్పివేసెను. చరిత్ర చదువు విద్యార్థి ఒక సంఘటన జరిగినదా లేదా అని మాత్రమేగాక, ఏది ముందు, ఏది వెనుక అనికూడ అడుగవలెను.

నార్త్‌ఫీల్డ్ పట్టణము మాత్రము మరువలేదు. ప్రతి సంవత్సరము సెప్టెంబరులో అచటి పౌరులు హేవుడ్ సమాధివద్ద శ్రద్ధాంజలి ఘటించి, ఆనాటి పోరును వీధిలో మరల ప్రదర్శించి చూపుదురు. వేలకొలది జనము వత్తురు. తెరువనన్న గుమాస్తాకును, ఎదురునిలిచిన ఊరివారికిని గౌరవముగా జరుపు ఉత్సవమది. అయినను దానికి పెట్టిన పేరు జెస్సీ జేమ్స్ పరాజయ దినములు. హేవుడ్ ఉత్సవమున కూడ పేరు జెస్సీదే.